సైక్లింగ్ డోపింగ్: తిలాపాపం తలా పిడికెడేనా, ఎవరి వాటా ఎంత?

విభాగం: రోడ్ రేసింగ్ › నియమాలు, వివాదాలు

కరకట్ట_పెడల్ | ఉండవల్లి | సోమవారం రాత్రి 9:10

ఆదివారం రైడ్‌లో మొదలైన వాదన వాట్సాప్‌లో తేలేలా లేదు, అందుకే ఇక్కడికి తెచ్చా. ఒక వర్గం ఏమంటుందంటే డోపింగ్‌కి ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లు పోగొట్టుకున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే దుర్మార్గుడు, మిగతావాళ్లు వాడి కింద నలిగినవాళ్లు. ఇంకో వర్గం, పెలోటాన్ (రేసులో తొక్కే గుంపు) మొత్తం మందులు వాడింది కాబట్టి ఎవర్నీ అనే హక్కు లేదంటోంది. రెండూ నాకు ఎక్కలేదు.

ఒక జట్టు బడ్జెట్ పెట్టి, డాక్టర్ని పెట్టి, పద్ధతిగా డోపింగ్ చేసిందనుకోండి. రైడరు, మసాజ్ చేసే స్వాన్యర్, డాక్టరు, డైరెక్టరు, స్పాన్సరు, ఆ పైన అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ. వీళ్లలో ఎవరి తప్పు ఎంత? ఏ ఆధారంతో తేలుస్తారు? సినిమా చూసొచ్చిన కబుర్లు వద్దు. తేదీ, నియమం, కాగితం ఉంటే రాయండి.

ల్యాబ్_కోటు | అరండల్‌పేట, గుంటూరు | 9:48

ఫెస్టినా అనే జట్టు కేసుతో మొదలెడదాం. జట్టు మొత్తాన్ని నడిపే ఏర్పాటు ఎలా ఉంటుందో బయటపడిన మొదటి పెద్ద కేసు అదే.

1998 జులై 8. ఆ ఏడాది టూర్ డబ్లిన్‌లో మొదలవడానికి మూడు రోజుల ముందు. బెల్జియం నుంచి ఫ్రాన్స్‌లోకి వస్తున్న జట్టు కారుని కస్టమ్స్ వాళ్లు ఆపారు. నడిపేది స్వాన్యర్ విల్లీ వోట్. లోపల ఎర్ర రక్తకణాలు పెంచే ఈపీవో రెండొందల డోసులకు పైగా, గ్రోత్ హార్మోన్, టెస్టోస్టిరాన్. కొద్ది రోజుల్లోనే డైరెక్టర్ బ్రూనో రూసెల్ ఒప్పేసుకున్నాడు. కొనడం, పంచడం, డాక్టర్ పర్యవేక్షణ, అన్నీ జట్టు ఏర్పాటే. ఖర్చు మాత్రం రైడర్ల ప్రైజ్ మనీలోంచి తీసే ఉమ్మడి నిధిది.

ఆ సరుకు పరీక్షలో దొరికింది కాదు, కస్టమ్స్‌కి దొరికింది. ల్యాబ్‌కి దొరికే అవకాశమే లేదు. ఈపీవోని మూత్రంలో పట్టే పద్ధతిని పారిస్ దగ్గర షాటెనే-మలాబ్రీ ల్యాబ్ 2000లో ప్రకటించింది, యూసీఐ వాడటం మొదలెట్టింది 2001లో. అంతకు ముందు ఉన్నదల్లా 1997లో గీసిన హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా) గీత: మగవాళ్లకు 50 శాతం. అది దాటినా డోపింగ్ కేసు కాదు, ‘ఆరోగ్యం కోసం’ అని 15 రోజులు రేసు మాన్పించేవాళ్లు. 1999లో ఇటలీ రేసు జీరో ది ఇటాలియాలో మార్కో పాంటానీ, అందరికంటే ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీతో గెలుపు అంచున ఉండగా 52 శాతం వచ్చి మడోన్నా డి కాంపిల్యో నుంచి వెనక్కి పోయింది ఈ నియమం కిందే. జట్లు చిన్న సెంట్రిఫ్యూజ్‌లు వెంటేసుకుని తిరిగి, పొద్దున్నే తామే కొలుచుకునేవి.

మిర్చియార్డ్_స్ప్రింట్ | గుంటూరు | 9:55

అంటే 49.9 ఉన్నోడు మడి కట్టుకున్నట్టే. భలే గీత.

గవర్నర్‌పేట_వకీలు | విజయవాడ | 10:31

ఫెస్టినాలో శిక్షలు ఎవరికి పడ్డాయో కూడా చూడాలి. లీల్ కోర్టు 2000 డిసెంబరులో తీర్పిచ్చింది. రూసెల్‌కి ఏడాది, వోట్‌కి పది నెలలు, రెండూ జైలుకి పోనక్కర్లేని సస్పెండెడ్ శిక్షలు. స్టార్ రైడర్ రిషార్ వీరాంక్ రెండేళ్లు కాదు కాదని బుకాయించి, కోర్టు బోనులో ఒప్పుకున్నాడు. అయినా క్రిమినల్ కేసులో నిర్దోషి. ఆ తర్వాత స్విస్ సమాఖ్య రేసుల నుంచి సస్పెండ్ చేసింది. క్రిమినల్ చట్టానికి సరఫరా చేసినవాడు కావాలి, క్రీడా నియమానికి శరీరం కావాలి. రెండింటి మధ్య ఖాళీలోంచే పెద్దవాళ్లు జారిపోతుంటారు.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఇప్పటి కోడ్‌లో ఆర్టికల్ 2 కింద 11 ఉల్లంఘనలు ఉన్నాయి. 2.1 అంటే నమూనాలో నిషిద్ధ పదార్థం కనబడటం. ఇది ఆటగాడికి మాత్రమే వర్తిస్తుంది. ఇందులో ఉద్దేశం అడగరు, తెలిసి తాగాడా తెలియక తాగాడా అన్నది నేరం తేల్చేటప్పుడు అనవసరం. ‘నాకు చెప్పకుండా కలిపారు’ అన్న వాదన శిక్ష తగ్గడానికి పనికొస్తుంది గానీ ఉల్లంఘన చెరిగిపోదు. సిబ్బందిని పట్టుకోవాలంటే 2.7 వ్యాపారం, 2.8 ఇంకొకరికి ఎక్కించడం, 2.9 సహకరించడం లేదా కప్పిపుచ్చడం, వీటిలో ఏదో ఒకటి నిరూపించాలి. దానికి సాక్షి నోరు విప్పాలి. మూత్రానికి సాక్షి అక్కర్లేదు.

పెడల్ గారు అడిగిన ‘ఎవరి వాటా ఎంత’ అన్నది సగం ఇక్కడే తప్పుదారి పడుతుంది. తేలిగ్గా రుజువయ్యే తప్పు పెద్ద తప్పులా కనిపిస్తుంది.

కరకట్ట_పెడల్ | 10:44

మరి ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో పాజిటివ్ శాంపిల్ మీద కాదు కదా శిక్ష వేసింది?

గవర్నర్‌పేట_వకీలు | 11:20

కాదు. అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ యూసాడా 2012 అక్టోబరు 10న బయటపెట్టిన పత్రాలు అనుబంధాలతో కలిపి వెయ్యి పేజీలు దాటాయి. 26 మంది వాంగ్మూలం ఇచ్చారు, అందులో 11 మంది అతని జట్టులో తొక్కినవాళ్లు. వాటితో పాటు బ్యాంకు చెల్లింపులు, ఈమెయిళ్లు. ఇటాలియన్ డాక్టర్ మికేలె ఫెరారీకి చెందిన స్విస్ కంపెనీకి పది లక్షల డాలర్లకు పైగా చేరినట్టు లెక్క తేలింది.

క్రీడా ట్రిబ్యునల్‌లో రుజువు స్థాయి సివిల్ కేసు కంటే ఎక్కువ, క్రిమినల్ కేసు కంటే తక్కువ. ‘నమ్మదగిన ఏ ఆధారమైనా’ చెల్లుతుంది. అతను మధ్యవర్తిత్వ విచారణకి రానన్నాడు, ఆగస్టు 24న జీవితకాల నిషేధం పడింది, 1998 ఆగస్టు 1 నుంచి ఫలితాలన్నీ పోయాయి. అక్టోబరు 22న యూసీఐ సరేనంది. అప్పట్లో కాలపరిమితి ఎనిమిదేళ్లే. 1998 దాకా వెనక్కి వెళ్లడానికి యూసాడా చూపిన కారణం, ప్రమాణం చేసి మరీ అబద్ధం చెప్పి నిజాన్ని దాచాడని. పరిమితి ఇప్పుడు పదేళ్లు.

మిర్చియార్డ్_స్ప్రింట్ | 11:26

వకీలు గారూ, ఆ సాక్షుల శిక్ష కూడా చెప్పండి. హింకాపీ, లైప్‌హైమర్, జాబ్రిస్కీ, వాండె వెల్డె, డేనియల్సన్. తలా ఆరు నెలలు. 2012 సెప్టెంబరు 1 నుంచి 2013 మార్చి 1 దాకా. యూరప్‌లో రేసులుండని చలికాలం. అది శిక్షా, దసరా సెలవులా?

గవర్నర్‌పేట_వకీలు | 11:41

శిక్ష అనుకుంటే కోపమే వస్తుంది. అది సాక్ష్యానికి కట్టిన ధర. ఇప్పటి కోడ్‌లో 10.7.1: ఇంకొకరి ఉల్లంఘన బయటపడేలా గట్టి సహాయం చేస్తే నిషేధకాలంలో నాలుగింట మూడు వంతుల దాకా సస్పెండ్ చేయొచ్చు. నాలుగేళ్లు ఏడాది అవుతుంది. ఈ బేరం లేకపోతే డైరెక్టర్ గదిలో ఏం జరిగిందో ఎవరు చెబుతారు?

ఇక ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టు డైరెక్టర్ యోహాన్ బ్రూనెల్ సంగతి. అతను విచారణకి వెళ్లాడు. 2014 ఏప్రిల్‌లో పదేళ్ల నిషేధం. అప్పీలు మీద అప్పీలు నడిచి 2018లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ‘కాస్’ దాన్ని జీవితకాలం చేసింది. జట్టు డాక్టర్ పెడ్రో సెలాయాకి ఎనిమిదేళ్లు కాస్తా జీవితకాలం, ట్రైనర్ హోసె మార్టీకి ఎనిమిది కాస్తా పదిహేను. అభియోగం 2012లో, ముగింపు 2018లో. రైడర్ కథ ఆరు నెలల్లో ఒడ్డెక్కితే పై వాడి కథ ఆరేళ్లు పట్టింది.

కృష్ణలంక_క్లైంబర్ | విజయవాడ | మంగళవారం ఉదయం 6:35

రైడర్ని అనే ముందు అతని జీతం ఎక్కడినుంచి వస్తుందో చూడండి. రోడ్ రేసుకి టికెట్ లేదు, స్టేడియం లేదు. టూర్ టీవీ హక్కుల డబ్బు నిర్వాహకులైన ఏఎస్ఓ దగ్గరే ఉంటుంది. జట్టు బతికేది జెర్సీ మీద పేరున్న కంపెనీ దయతో. ఆ కంపెనీ తప్పుకుంటే ముప్పై మంది రైడర్లు, మెకానిక్కులు, బస్సు డ్రైవరు అందరూ రోడ్డున పడతారు. స్టార్ కోసం పనిచేసే మామూలు రైడర్, అంటే డొమెస్టిక్‌కి ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టు. 1998లో టూర్‌కి జట్టు నుంచి తొమ్మిది మంది వెళ్లేవాళ్లు, 2018 నుంచి ఎనిమిది. ఆ జాబితా రాసేది డైరెక్టరు. ‘ప్రిపరేషన్’ (డోపింగ్‌కి మర్యాద పేరు) వద్దన్నవాడు జాబితాలో ఉండడు, జాబితాలో లేనివాడికి వచ్చే ఏడు కాంట్రాక్టు ఉండదు. ఎవడూ బలవంతంగా సూది గుచ్చలేదన్నది నిజమే. గుచ్చాల్సిన అవసరమే రాలేదు.

మిర్చియార్డ్_స్ప్రింట్ | 7:02

అందరూ అదే వాడారుగా బాబాయ్, పోటీ సమానమే అయింది. ఇంక దొంగ ఎవరు?

ల్యాబ్_కోటు | 8:15

తమ్ముడూ, ఈ సమానం మాట రక్తం లెక్కకి నిలవదు. పుట్టుకతో హెమటోక్రిట్ 42 ఉన్నవాడు 50 గీత కింద 8 పాయింట్లు పెంచుకోవచ్చు, అంటే తన రక్తంలో దాదాపు 19 శాతం. సహజంగా 48 ఉన్నవాడికి మిగిలేది 2 పాయింట్లు, 4 శాతం చిల్లర. ఇద్దరూ వాడారు, ఇద్దరూ గీత కిందే ఉన్నారు, లాభం మాత్రం ఒకడికే. పైగా ఒకే మందుకి అందరి శరీరం ఒకేలా స్పందించదు. ఫెరారీ లాంటి వాడి ఫీజు కట్టగలిగేది ఎంతమంది? అందుకే ‘ఎలాగూ గెలిచేవాడే గెలిచాడు’ అన్నది ఎవరూ రుజువు చెయ్యలేని మాట.

అమరావతి_చక్రం | తుళ్లూరు | 9:20

క్లైంబర్ గారి మాట సగమే ఒప్పుకుంటాను. కుదరదని చెప్పినవాళ్లు ఉన్నారు, వాళ్లకి ఏం జరిగిందో చూస్తేనే వాటాల లెక్క తెలుస్తుంది.

క్రిస్టోఫ్ బాసోన్స్ ఫెస్టినాలోనే ఉండి మందు ముట్టలేదు. 1999 టూర్‌లో వేరే జట్టుకి తొక్కుతూ పత్రికలో తన అనుమానాలు రాశాడు. పెలోటాన్ వెలివేసింది, ఆర్మ్‌స్ట్రాంగ్ రేసు మధ్యలో పక్కకొచ్చి ఇంటికి పొమ్మన్నాడు, బాసోన్స్ టూర్ మధ్యలోనే వెళ్లిపోయాడు. ఫిలిప్పో సిమియోని ఫెరారీ మీద సాక్ష్యం చెప్పినవాడు. 2004 టూర్ 18వ స్టేజిలో అతను ముందుకు దూకితే మొదటి స్థానంలో, పసుపు జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా వెంటపడి పట్టుకుని వెనక్కి తెచ్చాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ స్థానానికి వచ్చే ప్రమాదం ఏమీ లేదు, అది హెచ్చరిక. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టు స్వాన్యర్ ఎమా ఓరైలీ మాత్రలు మోసింది, అతని చేతి మీద సూది గుర్తులు కప్పడానికి మేకప్ ఇచ్చింది. తను చేసింది తనే బయటపెట్టింది. ఆమె మీద దావా వేశారు, నోటికొచ్చిన మాటలన్నారు.

అందుకే నా కొలమానం ఇది: ఆ మనిషి ఎవరి ఉద్యోగం తీసేయగలడు? డొమెస్టిక్ ఎవరిదీ తీయలేడు. స్వాన్యర్ అంతకన్నా కింద. డాక్టర్ కొంత. డైరెక్టర్, జట్టులో వాటా ఉన్న స్టార్ రైడర్ అందరివీ తీయగలరు. సూది వేసుకోవడం ఒక తప్పు. మాట్లాడినవాడి నోరు నొక్కడం వేరే తప్పు, దాని బరువు ఎక్కువ. మిగతావాళ్లంతా తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోయింది ఆ రెండో తప్పు వల్లే. చాలా ఆలస్యంగా, 2021 కోడ్‌లో దీన్ని 2.11 అని విడిగా చేర్చారు: సమాచారం ఇచ్చేవాళ్లని బెదిరించడం, ప్రతీకారం తీర్చుకోవడం కూడా ఉల్లంఘనే.

కృష్ణలంక_క్లైంబర్ | 9:41

కొలమానం బాగుంది అక్కా. కానీ దాని ప్రకారం చూస్తే ఆర్మ్‌స్ట్రాంగ్ మీద కోపం సబబే, ఇంకా పైన ఉన్నవాళ్ల మీద లేకపోవడమే అన్యాయం. స్పాన్సరు? యూసీఐ?

గవర్నర్‌పేట_వకీలు | మధ్యాహ్నం 1:30

యూసీఐ విషయంలో కంచే చేను మేసిందా అన్నదానికి ఒక నివేదిక ఉంది. డిక్ మార్టీ అధ్యక్షతన స్వతంత్ర కమిషన్, 2015 మార్చిలో ప్రచురించింది. 1999 టూర్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ నమూనాలో కార్టికోస్టెరాయిడ్ కనబడింది, ఫారంలో ఏ మందూ రాయలేదు. సీటు పుండుకి వాడిన క్రీమ్ అంటూ వెనక తేదీ వేసిన ప్రిస్క్రిప్షన్ తెస్తే యూసీఐ తీసుకుంది. రిటైరై 2009లో తిరిగొచ్చినప్పుడు నియమం ప్రకారం ఆరు నెలలు టెస్టింగ్ పూల్‌లో (ఎప్పుడైనా పరీక్షించగల రైడర్ల జాబితాలో) ఉండాలి, అది నిండకుండానే ఆస్ట్రేలియాలో టూర్ డౌన్ అండర్ తొక్కనిచ్చారు. అతని పాత శాంపిళ్ల మీద 2006లో వచ్చిన ‘స్వతంత్ర’ నివేదిక తయారీలో అతని తరఫు వాళ్ల చెయ్యి ఉందని కూడా కమిషన్ తేల్చింది. అతను యూసీఐకి రెండు విడతలుగా 1,25,000 డాలర్ల విరాళం ఇచ్చాడు.

ఇక్కడ జాగ్రత్త. పాజిటివ్ దాచడానికి లంచం ఇచ్చారన్నదానికి ఆధారం దొరకలేదని ఆ కమిషనే రాసింది. దొరికింది పక్షపాతం. యూసీఐ అధ్యక్షులు హైన్ వెర్‌బ్రూగెన్, ప్యాట్ మెక్‌క్వెయిడ్‌ల హయాంలో ఆటకి పేరు తెచ్చేవాడికి ఒక నియమం, మిగతావాళ్లకి ఇంకోటి. దానికి ఎవరికీ నిషేధం పడలేదు. 2013లో మెక్‌క్వెయిడ్ ఎన్నికల్లో ఓడాడు, అంతే.

స్పాన్సర్: అమెరికా పోస్టల్ శాఖ ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టుకి 3 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. ఆ జట్టు మాజీ రైడర్ ఫ్లాయిడ్ లాండిస్ 2010లో వేసిన కేసులో 2013లో ప్రభుత్వం చేరింది, 2018లో 50 లక్షల డాలర్లకి రాజీ. అందులో 11 లక్షలు లాండిస్‌కే. తనూ 2006 టూర్ టైటిల్ పోగొట్టుకున్నవాడే. చట్టం దృష్టిలో స్పాన్సర్ బాధితుడు. ఆరేళ్లు గెలుపులు అమ్ముకుని ప్రకటనలు వేసుకున్నాక బాధితుడే అనడం నాకు మింగుడుపడదు గానీ, కాంట్రాక్టు చదివితే వాదన అలాగే నిలుస్తుంది.

మోడరేటర్ | 1:52

ఇప్పుడు రేసుల్లో ఉన్న రైడర్ల మీద పేర్లు పెట్టి అనుమానాలు రాసిన పోస్టులు తీసేశాను. తీర్పు వచ్చిన కేసుల వరకే ఉండండి.

కరకట్ట_పెడల్ | సాయంత్రం 5:15

ల్యాబ్ అన్నా, బయోలాజికల్ పాస్‌పోర్ట్ (రైడర్ రక్త విలువల చిట్టా) వచ్చాక ఇది మారిందా? అందులో డాక్టర్ చెయ్యి కనిపిస్తుందా, రైడర్ రక్తమేనా?

ల్యాబ్_కోటు | రాత్రి 8:40

రక్తమే కనిపిస్తుంది, కానీ పద్ధతి కనిపిస్తుంది. యూసీఐ 2008లో మొదలెట్టింది. పదార్థాన్ని వెతకరు, మనిషిని తనతోనే పోల్చి చూస్తారు.

ముఖ్యమైనవి హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్ శాతం అంటే కొత్తగా పుట్టిన ఎర్ర కణాలు. రెండూ కలిపి ఆఫ్-స్కోర్: లీటరుకి గ్రాముల్లో హిమోగ్లోబిన్ తీసుకుని, అందులోంచి రెటిక్ శాతపు వర్గమూలాన్ని 60తో గుణించి తీసేయాలి. మామూలుగా 150, రెటిక్ 1.0 అయితే 150 − 60 = 90. రక్తం తీసి దాచుకున్న కొత్తలో హిమోగ్లోబిన్ 135కి పడి రెటిక్ 2.0కి లేస్తుంది, స్కోరు 50 దగ్గరికి దిగుతుంది. అదే రక్తం మళ్లీ ఎక్కించుకుంటే శరీరం సొంత తయారీ ఆపేస్తుంది: 165, 0.3. స్కోరు 132. ఒకే మనిషిలో 50 నుంచి 132కి ఊగితే కొండల మీద క్యాంపు అనో నీళ్లు తక్కువ తాగాననో చెప్పి తప్పించుకోవడం కష్టం.

ఇంకోటి. మూడు వారాల రేసులో ప్లాస్మా పెరిగి హిమోగ్లోబిన్ సహజంగా మెల్లగా దిగుతుంది. మూడో వారంలోనూ మొదటి రోజు అంకె అలాగే నిలబడితే అనుమానం అక్కడే. ఆర్మ్‌స్ట్రాంగ్ 2009 టూర్ రెటిక్ విలువలు చూసి ఆస్ట్రేలియా శాస్త్రవేత్త క్రిస్టఫర్ గోర్, సహజంగా అలా రావడానికి పది లక్షల్లో ఒక అవకాశం కూడా లేదని యూసాడాకి చెప్పాడు.

తప్పులు జరిగేది ఎక్కువగా నమూనా తీసేటప్పుడు. వ్యాయామం ఆపాక రెండు గంటలు ఆగాలి, తీసే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టాలి. నిలబడి ఉన్నవాడికి వెంటనే సూది గుచ్చి తీస్తే హిమోగ్లోబిన్ ఎక్కువ చూపిస్తుంది. ట్యూబు ల్యాబ్ చేరేదాకా చల్లగా ఉండాలి, పెట్టెలో ఉష్ణోగ్రత లాగర్ ఉండాలి. రవాణాలో వేడెక్కితే కణాలు ఉబ్బి కొన్ని విలువలు చెడతాయి, వకీళ్లకి పండగ. ఆ తర్వాత ముగ్గురు నిపుణులు రైడర్ పేరు తెలియకుండా చూసి ఏకాభిప్రాయానికి రావాలి. ఇటలీ రైడర్ పెల్లిజొట్టి కేసులో 2011లో కాస్ ఈ పద్ధతిని సమర్థించింది.

అయితే ఆఫ్-స్కోర్ 132 అని చెబుతుంది గానీ రక్తం బ్యాగు ఎవరు వేలాడదీశారో చెప్పదు.

గవర్నర్‌పేట_వకీలు | 9:25

ఆ చివరి వాక్యమే ఆపరేషన్ ప్యుర్తో. 2006 మేలో స్పెయిన్ పోలీసులు మాడ్రిడ్‌లో డాక్టర్ యూఫెమియానో ఫ్యూంతెస్ ఫ్లాట్లలో దాదాపు 200 రక్తం, ప్లాస్మా బ్యాగులు పట్టుకున్నారు, వాటి మీద మారుపేర్లు. పద్ధతికి ఇంతకన్నా ఆధారం ఏం కావాలి? కానీ డోపింగ్‌ని నేరం చేసే స్పెయిన్ చట్టం వచ్చింది అదే ఏడాది నవంబరులో. కాబట్టి ‘ప్రజారోగ్యానికి హాని’ అన్న పాత సెక్షన్ కిందే కేసు. 2013లో ఏడాది శిక్ష, బ్యాగులు ధ్వంసం చేయాలని ఆదేశం. 2016 అప్పీలులో ఫ్యూంతెస్ నిర్దోషి: ఆ చట్టం ప్రకారం రక్తం ఔషధం కాదు. బ్యాగుల్ని డోపింగ్ నిరోధక సంస్థలకి ఇమ్మన్నారు, అప్పటికి పదేళ్ల పరిమితి దాటిపోయింది.

మధ్యలో ఇటలీ ఒక్కటి చురుగ్గా కదిలింది. 2008 టూర్ ఇటలీలోకి వచ్చినప్పుడు స్పెయిన్ రైడర్ అలెహాంద్రో వాల్వెర్దె రక్తం తీసుకుని, 18వ నంబరు బ్యాగుతో డీఎన్ఏ పోల్చారు. కలిసింది. చివరికి 2010 జనవరి 1 నుంచి రెండేళ్ల నిషేధం. బ్యాగు నింపుకున్నవాడికి రెండేళ్లు, నింపినవాడికి సున్నా.

చట్టం సిద్ధంగా ఉంటే ఎలా ఉంటుందో జర్మనీ చూపించింది. అక్కడ 2015 చివర్లో డోపింగ్ నిరోధక చట్టం వచ్చింది. ఎర్‌ఫుర్ట్ డాక్టర్ మార్క్ ష్మిట్ స్కీయర్లకి, సైక్లిస్టులకి రక్తం ఎక్కించిన కేసులో 2021 జనవరిలో 4 సంవత్సరాల 10 నెలల జైలు పడింది.

మిర్చియార్డ్_స్ప్రింట్ | 9:33

మన దగ్గర అయితే?

గవర్నర్‌పేట_వకీలు | 9:58

2022 జాతీయ డోపింగ్ నిరోధక చట్టం ఉంది. మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడాకి చట్టబద్ధ హోదా, తనిఖీ చేసి స్వాధీనం చేసుకునే అధికారం, క్రమశిక్షణ ప్యానెల్, అప్పీల్ ప్యానెల్ అన్నీ ఇచ్చింది. డోపింగ్ అన్న ఒక్క కారణానికి జైలు శిక్ష మాత్రం అందులో లేదు.

మన పాత ఉదాహరణ 2011. మహిళల 4×400 రిలే బృందం అమ్మాయిలు మిథాండియనోన్ అనే స్టెరాయిడ్‌కి పాజిటివ్, ఉక్రెయిన్ కోచ్ యూరీ ఒగొరోద్నిక్ ఇచ్చిన జిన్సెంగ్ వల్లే అన్నారు. వాళ్లకి మొదట ఏడాది, 2012లో కాస్ రెండేళ్లు చేసింది. కోచ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు.

రేస్_టెంట్ | మంగళగిరి | బుధవారం ఉదయం 7:20

పారిస్, మాడ్రిడ్ అయ్యాయి కాబట్టి మన ఎండల్లోకి వద్దాం. ఇక్కడ ఈపీవో కంటే ముందు దొరికేది సెలైన్. రేసు అయ్యాక కుర్రాడు వాడిపోయి ఉంటే ఊళ్లో ఆర్‌ఎంపీ చేసే మొదటి పని 500 మి.లీ. బాటిల్ ఎక్కించడం, అందులో బి-కాంప్లెక్స్, ఒక్కోసారి డెక్సా (డెక్సామెథసోన్, వాపు తగ్గించే స్టెరాయిడ్). వాడా జాబితాలో ఎం2 ప్రకారం 12 గంటల్లో 100 మి.లీ. దాటిన ఇన్‌ఫ్యూజన్ ఏదైనా నిషిద్ధ పద్ధతి, ఉత్త ఉప్పునీళ్లయినా సరే. మినహాయింపు ఆసుపత్రి చికిత్సకి, ఆపరేషన్‌కి, వైద్య పరీక్షకి. రేసు టెంటు, ఇంట్లో మంచం ఆ మినహాయింపులోకి రావు. రక్తం పలచబడి హిమోగ్లోబిన్ దిగుతుంది కాబట్టి ఈ నిషేధం. 1998 ప్రపంచ పోటీల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ డాక్టర్ సెలాయా వర్షం కోటు కింద లీటరు సెలైన్ దాచుకుని టెస్టర్ ముందు నుంచే గదిలోకి తీసుకుపోయాడని యూసాడా పత్రాల్లో ఉంది. అక్కడ వాడిందీ మన ఆర్‌ఎంపీ వాడే నీళ్లే.

డెక్సా, ప్రెడ్నిసోలోన్ లాంటివి పోటీ రోజుల్లో మాత్రగా నిషిద్ధం, 2022 నుంచి ఏ రకం ఇంజెక్షన్‌గా అయినా నిషిద్ధం. అదే కోవలోని ట్రయామ్సినలోన్ కండరంలోకి వేయించుకుంటే ఒంట్లోంచి పోవడానికి 60 రోజులు పెట్టుకోమని వాడా చెబుతుంది. దగ్గు సిరప్ లేబుల్ చూడండి: టెర్బుటలిన్ ఉంటే పోటీలోనూ బయటా నిషిద్ధం. లెవోసాల్బుటమాల్ సిరప్ కూడా అంతే. సాల్బుటమాల్‌కి మినహాయింపు పీల్చే ఇన్‌హేలర్‌కే, 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా.

కరకట్ట_పెడల్ | 7:48

అయితే రేసులో నిజంగా వడదెబ్బ తగిలితే? ఎక్కించకుండా చూస్తూ కూర్చోవాలా?

రేస్_టెంట్ | 8:30

ఎక్కించండి, ప్రాణం ముందు. మాట్లాడగలిగి, వాంతి లేకుండా ఉంటే నీడ, తడిగుడ్డలు, ఓఆర్‌ఎస్ చాలు. స్పృహ తడబడుతుంటే ఐస్ నీళ్లతో ఒళ్లు చల్లబరచడం ముందు, తర్వాత అంబులెన్సులో ఆసుపత్రికి. టెంటులోనే సెలైన్ తప్పకపోతే డాక్టర్ చేతే రాయించండి: సమయం, ఉష్ణోగ్రత, బీపీ, ఏ ద్రవం, ఎన్ని మి.లీ., ఎందుకు. ఆ కాగితం ఫోటో రైడర్ ఫోనులో ఉండాలి. అత్యవసర చికిత్సకి తర్వాత కూడా వైద్య మినహాయింపుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ కాగితం లేకుండా పెడితే నిలవదు. డోప్ కంట్రోల్ ఫారంలో గత ఏడు రోజుల మందులు రాసే చోట ఖాళీ వదలొద్దు.

కృష్ణలంక_క్లైంబర్ | 9:05

అదీ సంగతి. ఆర్‌ఎంపీ ఏ సమాఖ్యలోనూ సభ్యుడు కాదు, కోడ్ అతనికి వర్తించదు. లైసెన్సు రైడర్‌ది. ఫెస్టినాలో కనీసం డైరెక్టర్ కోర్టుకెళ్లాడు, ఇక్కడ సైకిల్ తొక్కిన కుర్రాడొక్కడే మిగులుతాడు.

మిర్చియార్డ్_స్ప్రింట్ | 9:12

కుర్రాడికి పదిహేనేళ్లయితే? జిల్లా పోటీలకి వచ్చేది ఆ వయసు వాళ్లేగా.

గవర్నర్‌పేట_వకీలు | 11:40

పదహారు నిండనివాళ్లు కోడ్‌లో ‘రక్షిత వ్యక్తులు’. పద్దెనిమిది లోపు వాళ్లు కూడా, రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో లేకుండా, అంతర్జాతీయ ఓపెన్ పోటీల్లో ఎప్పుడూ దిగకుండా ఉంటే అంతే. వాళ్లు పెద్ద తప్పేమీ తమవైపు లేదని చూపించడానికి పదార్థం ఒంట్లోకి ఎలా వచ్చిందో రుజువు చేయనక్కర్లేదు. పెద్దలకైతే అది మొదటి మెట్టు. శిక్ష కూడా మందలింపు నుంచి మొదలవుతుంది.

అదే రక్షిత వ్యక్తి విషయంలో కోచ్ గానీ జట్టు సిబ్బంది గానీ 2.7, 2.8 కింద దొరికితే, పదార్థం ‘స్పెసిఫైడ్’ జాబితాలోది (నిషిద్ధాల్లో కాస్త తేలిగ్గా చూసేవి) కాకపోతే, జీవితకాల నిషేధమే. ఈపీవో, కండలు పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు ఆ జాబితాలో లేవు, డెక్సా ఉంది. కాబట్టి డెక్సా కేసులో కోచ్ మీద 2.8 పెట్టొచ్చు గానీ జీవితకాలం తప్పనిసరి కాదు, నాలుగేళ్ల నుంచి లెక్క మొదలవుతుంది. దానికీ సాక్ష్యం కావాలి: ఎవరు రమ్మన్నారు, డబ్బెవరిచ్చారు, బాటిల్ ఎవరు తెచ్చారు. మెడికల్ షాపు బిల్లు ఎవరి పేరు మీద ఉందో ముందు అది దాచండి.